డొల్ల చప్పుడు

పొద్దున తొమ్మిదిన్నరకు నాగరత్న లాప్‌టాప్ ముందు నిలబడుతుంది. కూర్చుంటే మాటలు పెరుగుతాయట. బెంగళూరులోని తన టీములో ఒక్కొక్కరినీ రోజూ అవే అడుగుతుంది: నిన్న ఏం చేసినావు, ఈరోజు ఏం చేస్తావు, యాడ అడ్డం పడింది? కేజీఎఫ్ బంగారు గనిలో ఇరవై ఏళ్లు పనిచేసిన తండ్రి మునియప్ప కాఫీ తాగుతూ వింటాడు.

ఒకరోజు, తెల్లారితే టీము తయారుచేసిన ఆసుపత్రి యాప్ విడుదల అనగా, తెరమీద టీములోని వసంత్ "అంతా బాగుండాదక్కా" అన్నాడు. ఆ గొంతు వింటూ ఆమె తల పక్కకు వంచింది. "ఇంగోసారి చెప్పప్పా." "మందు డోసు తప్పు చూపిస్తా ఉండాదక్కా. చెప్పేకి భయమయ్యింది" అన్నాడు వసంత్. "చెప్పినావు గదా, చాలు. విడుదల ఆపుదాం" అంది. మునియప్ప చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. గనిలోకి దిగగానే ఆయన ఇనుప కడ్డీతో నెత్తిమీది రాతిని తట్టేవాడు. డొల్లగా మోగితే అది ఊడిపడుతుందని మనుషుల్ని వెనక్కి పంపేవాడు. ఆ విద్య కూతురికి ఆయనెప్పుడూ నేర్పలేదు.