థియేటర్లో నీలి ట్యూబు

1984లో నేను బాన్సువాడలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో నర్సును. మా ఆపరేషన్ థియేటర్ అంటే ఒక గది, ఒక టేబులు, గోడకు ఒక యూవీ ట్యూబు. యూవీ అంటే అతినీలలోహిత కిరణాలు. కంటికి కనపడవు, క్రిములను చంపుతాయి, మన కళ్లనూ చర్మాన్నీ కూడా కాలుస్తాయి. అందుకే గది కడిగి, అందరం బయటికొచ్చి, తలుపు మూశాకే స్విచ్ వేసేవాళ్లం. తలుపు అద్దంలోంచి నీలంగా వెలుతురు కనిపిస్తే నాకు నిశ్చింత.

ఆ ఎండాకాలం వరసగా ఇద్దరు బాలింతలకు కుట్లు చీము పట్టాయి. డాక్టరమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేను ఆయమ్మల మీద, చెప్పులతో వార్డులోకి వచ్చే చుట్టాల మీద ఎగిరెగిరి పడ్డాను. మూడో ఆపరేషన్ సుజాతది. కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది. పక్క మంచాల మూలుగులు విని ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నాగ్గూడ గట్లనే అయితదా?"

నేను ఆమె దిండు సర్దాను.

ఆమె భర్త రాములు సారు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. కాలు నిలవక వరండాలో తిరుగుతూ థియేటర్ తలుపు అద్దం దగ్గర ఆగారు.

"సిస్టర్, గీ ట్యూబు ఎప్పుడు పెట్టిన్రు?"

"దవాఖాన తెరిచినప్పుడు. మంచిగనే వెలుగుతున్నది గద సార్."

"వెలుగుడు వేరే, యూవీ వేరే. పాతగైతే నీలం గట్లనే కనపడతది. కనపడని కిరణమే తగ్గిపోతది."

పరుగున పోయి డాక్టరమ్మకు చెప్పాను. డాక్టరమ్మ ఆ పూటే నిజామాబాద్ నుంచి కొత్త ట్యూబు తెప్పించారు. పనిముట్లన్నీ మళ్లీ ఉడికించాం.

మర్నాడు ఆపరేషన్ ముందు ట్యూబు వేసి, తలుపు దగ్గర నేను కాపలా నిలబడ్డాను. సారు వచ్చి పక్కన నిలబడ్డారు. భయం మరిచిపోవడానికేమో, ఆకాశం సంగతి ఎత్తారు.

"గెలాక్సీలని నక్షత్రాల గుంపులుంటయి సిస్టర్. కొత్తగ పుట్టిన పెద్ద నక్షత్రాలు మస్తు వేడి. యూవీ ఎక్కువ వాటిదే. గవి జల్ది కాలిపోతయి, ఎర్రటి పాతయి మిగులుతయి. గుంపు వెలుగుతనే ఉంటది గాని యూవీ తగ్గిపోతది."

"మరి అక్కడ ట్యూబు ఎవరు మారుస్తరు సార్?" అన్నాను, ఆయన్ను నవ్విద్దామని.

ఆయన నవ్వలేదు. "ఎవరుండరు. కొత్త నక్షత్రాలు పుట్టాలె, గంతే. వందల కోట్ల ఏండ్ల కింద మస్తు పుట్టినయి. ఇప్పుడు పుట్టుడు తక్కువైంది. గప్పటి వెలుగు దూరం నుంచి ఇంక వస్తనే ఉన్నది."

మా గోడ మీది మూరెడు గాజు గొట్టానికీ, లెక్కకందని ఆ గుంపులకూ ఒకటే కథా! చీము, పినాయిలు తప్ప ఏమీ ఎరగని నాకు, ఆ వరండాలో నిలబడి ఉండగానే లోకం ఒక్కసారిగా ఇంత పెద్దదైపోయింది.

సుజాతకు ఆడపిల్ల పుట్టింది. కేరుమని ఏడ్చినప్పుడు సారు మాటే నా చెవిలో మోగింది. కొత్తవి పుట్టాలె, గంతే.

కుట్లు విప్పే రోజు వచ్చింది. కట్టు తీశాను. గాయం పొడిగా, సన్నటి గీతలా ఉంది.

"ఏమైందక్కా, ఏడుస్తున్నవు?"

"ఏం కాలేదు సుజాతా. నీకేం కాలేదు."

తప్పంతా పాత ట్యూబుదేనని ఇప్పటికీ ఒట్టు పెట్టి చెప్పలేను. కానీ ఆ తర్వాత ఏ దవాఖానలో చేరినా, వెలుగుతుంది కదా అని ఏ ట్యూబునూ నమ్మలేదు. ముందు దాని వయసు అడిగేదాన్ని. డ్యూటీ దిగి ఇంటికి పోతూ తలెత్తి చుక్కల్ని చూసినా అదే అడగబుద్ధి అవుతుంది.