మసి చేతి అదృష్టం

ఇంగ్లండులోని ష్రాప్‌షైర్‌లో క్లిఫ్ బెడ్డోస్ నలభై ఏళ్లుగా ఇళ్ల పొగగొట్టాలు దులుపుతున్నాడు. కానీ ఈ మధ్య అతన్ని పిలిచేది పెళ్లిళ్లకే. పొగగొట్టాలు దులిపేవాడు మసి చేత్తో చెయ్యి కలిపితే పెళ్లికూతురికి అదృష్టమని అక్కడి నమ్మకం. ఇళ్లన్నీ గ్యాసుకు మారాయి, అదృష్టం మాత్రం మసిలోనే ఉండిపోయింది. ముఖానికి నలుపు పూసుకుని నిలబడితే చాలు. క్లిఫ్‌కి అది మింగుడుపడదు. పొగగొట్టంలోకి బ్రష్ తోసి ఎనిమిది నెలలైంది. తను పనివాడో వేషగాడో తనకే తెలియడం లేదు.

నవంబరులో హార్ట్‌షార్న్ గారి కూతురి పెళ్లి. విందు వాళ్ల పాత ఇంట్లోనే. అడుగు పెట్టగానే క్లిఫ్ హాల్లోని చలిమంట పొయ్యిలోకి వంగి పొగగొట్టంలోకి చూశాడు. పైనుంచి వెలుతురు రావడం లేదు. కింద ఎండుపుల్లలు రాలి ఉన్నాయి.

"అయ్యా, పైన కాకిగూడుంది. మంట వెయ్యకండి. అరగంటలో తీసేస్తాను."

"ఎంత మంచివారు మీరు!" అన్నాడు హార్ట్‌షార్న్. "చూద్దాం లెండి. ముందు ఫొటో. కాస్త మసి పూసుకోండి, మరీ శుభ్రంగా ఉన్నారు."

ఫొటో అయింది. హార్ట్‌షార్న్ స్వయంగా మంట వేశాడు.

సూపు వచ్చేసరికి పొగ బల్లల మీదికి దిగింది. ఎనభైమందిలో ఒక్కరూ లేవలేదు. లేస్తే ఇంటాయన నొచ్చుకోడూ!

"కొంచెం వెచ్చగా ఉంది కదండీ," అంది పెళ్లికూతురి మేనత్త, కళ్లు తుడుచుకుంటూ.

"హాయిగా ఉంది," అని పక్కాయన దగ్గాడు. "క్షమించండి."

"అయ్యో, క్షమాపణ నేను చెప్పాలి, మీకు అడ్డంగా కూర్చున్నాను."

వరుడి తండ్రి ఉపన్యాసం మొదలెట్టాడు. మనిషి కనపడలేదు గానీ చప్పట్లు బాగానే పడ్డాయి.

క్లిఫ్ ఇక ఆగలేదు. కిటికీలు బార్లా తెరిచాడు. మండే దుంగల్ని ఇనప బకెట్లో బయటికి మోశాడు. పొయ్యికి గుడ్డ కట్టి, కర్రకు కర్ర బిగిస్తూ బ్రష్ పైకి తోశాడు.

"మిస్టర్ బెడ్డోస్, మీరెందుకు శ్రమ పడటం! ఉపన్యాసం నడుస్తోంది..." అన్నాడు హార్ట్‌షార్న్.

"నడవనివ్వండి. మాటలు నా పనికి అడ్డం రావు."

గూడు ధబ్బున పడింది. రెండు గోతాల పుల్లలు.

"నాకు ముందే అనిపించింది, పొగేనని," అంది మేనత్త. "చెబితే బాగోదని ఊరుకున్నా."

క్లిఫ్ నిలువునా నల్లగా లేచి నిలబడ్డాడు. పెళ్లికూతురు ముచ్చటపడి చెయ్యి చాచింది. హార్ట్‌షార్న్ మధ్యలోకి దూరాడు.

"వద్దమ్మా! ఇది అసలు మసి!" అని క్లిఫ్ వైపు తిరిగాడు. "వచ్చే నెల మా మేనకోడలి పెళ్లి. తప్పక రావాలి మీరు. కాస్త... ఇలా కాకుండా."

"పెళ్లికి నాటకాలాడేవాణ్ణి చూసుకోండి బాబూ. పొగగొట్టానికైతే కబురు పెట్టండి."

క్లిఫ్ కర్రలు తుడిచి వ్యానులో సర్దాడు. లోపల మళ్లీ మంట వేశారు. వెళ్లేముందు ఇంటికప్పు వైపు తలెత్తి చూశాడు. పొగ నిటారుగా లేస్తోంది.