ఎక్స్‌రేలో కనపడని నొప్పి

2003లో కళ్యాణదుర్గంలోని ఒక చిన్న నర్సింగ్‌హోంలో ఫిజియోథెరపిస్టుగా చేరాను. చెనిక్కాయ, అంటే వేరుశనగ, పీకే రోజుల్లో మా దగ్గరికి వచ్చేవి నడుము నొప్పులే ఎక్కువ. వాన లేక గట్టిపడిన నేలలోంచి మొక్క పీకేటప్పుడు వెన్ను కండరం అతిగా సాగి లోపలి పోగులు చిరుగుతాయి. దాన్నే మజిల్ స్ట్రెయిన్ అంటాం.

కంబదూరు వైపు నుంచి వచ్చిన లక్ష్మీదేవికి అదే. వంగినా లేచినా పట్టేస్తోంది, పడుకుంటే తగ్గుతోంది. నడుముకు ఒక పక్క కండరం చెక్కలా బిగుసుకుంది. కాలిలోకి నొప్పి దిగడం లేదు, తిమ్మిరి లేదు, మూత్రానికి ఇబ్బంది లేదు. అవి ఉంటే నరం సంగతి, వెంటనే డాక్టరు చూడాలి. ఎక్స్‌రే కూడా బాగుంది. ఎముకలకు ఏమీ కాలేదని, కొన్నాళ్లు వంగే పని మానాలని, అలాగని మంచం పట్టకుండా ఇంట్లో మెల్లగా తిరగాలని నాకున్న బిడియంతో నేల చూపులు చూస్తూ చెప్పాను. ఆమె విన్నట్టే లేదు.

"ఎదురుకాళ్లతో పుట్టిన సిస్టరుండాదంట కదా, ఆయమ్మను పిలువు" అంది.

ఆ సిస్టర్ రాజేశ్వరి, మా స్టాఫ్‌నర్సు, నా ఈడుదే. పుట్టేటప్పుడు కాళ్లు ముందుగా వచ్చినవాళ్లు తొక్కితే పట్టిన నడుము వదులుతుందని మా వైపు నమ్మకం. ఆమె వస్తే వార్డంతా నవ్వుతుంది. నా గదికి వచ్చినవాళ్లు కూడా ఆమెనే అడుగుతుంటే నాకు కడుపు మండేది.

రాజేశ్వరి చెప్పు విడిచి, కాలి బొటనవేలు లక్ష్మీదేవి నడుముకు తాకీ తాకకుండా ఆనించింది.

"అక్కా, నా కాలు సోకినాక వారం దినాలు వంగితే పనిచెయ్యదు. ఊరికే మంచంలో పండుకున్నా పనిచెయ్యదు. మీ అత్తకు చెప్పు."

నా మాటలే. లక్ష్మీదేవి ముఖం మాత్రం ఇప్పుడు విప్పారింది.

"ఇట్ల చెప్తే మాయత్త ఒప్పుకుంటాది. ఎక్స్‌రేలో ఏం లేదంటే నాటకాలాడతాండావని రేపే చేనికి తోల్తాది" అంది.

నొప్పి తగ్గాక ఒడినిండా చెనిక్కాయలు తెచ్చి రాజేశ్వరికి పోసింది. అందులోంచి ఒక గుప్పెడు రాజేశ్వరే నాకిచ్చింది. తిన్నాను గానీ సహించలేదు.

స్ట్రెయిన్ కంటికి కనపడని దెబ్బ. నొప్పి ఒకరిది, విశ్రాంతి ఇవ్వాల్సింది ఇంకొకరు. అప్పటినుంచి వెంట వచ్చిన అత్తనో మొగుణ్ణో లోపలికి పిలిచి, బిగిసిన చోట వాళ్ల వేళ్లే పెట్టించి చూపిస్తున్నాను. "అవునే, రాయి మాదిరుండాది" అని కొందరు మెత్తబడతారు. ఆ మాట విన్న రోజు నాకు రాజేశ్వరి మీద అసూయ ఉండదు. మిగతా రోజుల్లో ఉంటుంది.