కంప్యూటర్లో చీర నేసిన మా బావ

ఇందుమూలంగా సమస్త జనులకూ తెలియజేయునది ఏమనగా, మంగళగిరిలో మా వీధి చివర టీ కొట్టు ముందున్న రెండు ప్లాస్టిక్ కుర్చీల్లో, నాలుగు కాళ్ళూ సమానంగా ఉన్న కుర్చీ నేటి నుంచి నాది. ఇన్నాళ్ళూ దానికోసం నాతో పోటీపడిన మనిషి ఇక లేడు. మా బావ పోయాడు. పోయిన నెల, మధ్యాహ్నం భోంచేసి చెయ్యి కడుక్కుని వస్తూ గుండె పట్టుకుని కూర్చున్నాడు. అంతే.

బావంటే మా అక్క మొగుడు. పాతికేళ్ళు గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని చీరలు నేసినవాడు. నలభై దాటాక విజయవాడ వెళ్ళి త్రీడీ మోడలింగ్ నేర్చుకున్నాడు. సినిమాలకీ, వీడియో ఆటలకీ కోటలూ రాక్షసులూ నగలూ కంప్యూటర్లో చేసి నిలబెడతారే, ఆ పని. ఊళ్ళో అందరూ బావని మెచ్చుకుంటూ మాట్లాడుతున్నారు. నేను కుళ్ళుకుంటూ రాస్తున్నాను. ఎవరికి అలవాటైన పని వాళ్ళది.

దీనికంతటికీ మూలం మా మేనకోడలి ఫోను. అందులో ఏదో రాజుల కథ చూస్తూ, రాణి కట్టుకున్న చీర కంప్యూటర్లో చేసిందేనని చెప్పింది. బావ ఫోను లాక్కుని చూశాడు.

"ఇది చీర కాదమ్మా, రేకు. కుచ్చిళ్ళు ఒక్కచోటన్నా నలగలేదు. చేసినోళ్ళింట్లో ఎప్పుడూ చీరలు మడతెయ్యలేదా ఏంటి?"

"అయితే నువ్వు చేసి చూపించు నాన్నా."

నెల తిరక్కుండా భవానీపురంలో ఓ మేడ మీద నడిచే క్లాసుల్లో చేరాడు. ఇంకో వారానికి నేనూ చేరాను. కళ మీద ప్రేమతో కాదు. అక్క కనపడ్డవాళ్ళందరికీ "మా ఆయన సినిమాలకి పనిచెయ్యబోతున్నారండీ" అని చెబుతుంటే నాకు అన్నం సహించలేదు. బావ చదివింది ఎనిమిది. నేను పది తప్పాను. లెక్క ప్రకారం నేనే ఎక్కువ చదువుకున్నవాణ్ణి.

క్లాసులో అందరూ ఇరవై ఏళ్ళవాళ్ళు. బావని "సర్" అనేవారు. నన్ను "అంకుల్" అనేవారు. మొదటి పాఠం టీ కప్పు. నా కప్పుకి పిడి లోపలివైపు వచ్చింది.

"దీంతో టీ ఎలా తాగుతారండీ?" అంది మేడం.

"స్ట్రా వేసుకుని, మేడం."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ కోర్సు మొత్తంలో నాకు పడిన చప్పట్లు అవే.

బావ పద్ధతి వేరు. జేబురుమాలు బల్ల మీద పడేసి, అది పడిన తీరు చాలాసేపు చూసి, వేళ్ళతో తడిమి, అప్పుడు మౌసు పట్టుకునేవాడు. "చెయ్యి చూసిందాకా కంటికి ఏం తెలుస్తుందిరా" అనేవాడు. పనిలో మునిగితే బల్ల కింద కాళ్ళు వాటంతటవే మగ్గం తొక్కేవి. రెండుసార్లు పక్కవాడి ప్లగ్గు ఊడి, వాడి రాక్షసుడు తోకతో సహా మాయమయ్యాడు.

మేడంతో బావకి ఒక్క విషయంలోనే పేచీ. కంప్యూటర్లో బట్టకి మామూలుగా ఒకవైపే చేస్తారు. రెండోవైపు నుంచి చూస్తే అక్కడేమీ ఉండదు, ఖాళీ. కనపడని వైపు కూడా చేసి మిషను మీద బరువెందుకు పెంచడం అని. బావ వినలేదు.

"మా ఊరి చీర ఎటు తిప్పి చూసినా ఒకేలా ఉంటుందండీ. ఒకవైపే ఉంటే అది గోడకంటించిన పోస్టరు."

మేడం మార్కులు కోసింది. బావ మళ్ళీ రెండు వైపులా చేశాడు.

కోర్సు చివర్లో, సినిమాలకి బొమ్మలు చేసిపెట్టే హైదరాబాదు కంపెనీ ఒకటి పరీక్ష పెట్టింది. చీర కట్టుకున్న రాణిని చేసి పంపాలి. నచ్చితే ఇంట్లో కూర్చుని చేసుకునే పని ఇస్తారు. అప్పటికి బావ మోకాళ్ళు అరిగి గుంటలోకి దిగలేకపోతున్నాడు. ఈ పని రాకపోతే ఆ ఇల్లు గడిచే దారి లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

నా రాణి దుప్పటి కప్పిన గ్యాసు బండలా వచ్చింది. బావ రాణి నడిస్తే కుచ్చిళ్ళు చప్పుడవుతాయేమో అన్నట్టుంది. పంపాల్సిన రోజు బావ టీకి దిగాడు. నేను ఆయన సీట్లో కూర్చున్నాను. బట్ట బయటివైపుని లోపలికి తిప్పేసే మీట ఒకటుంటుంది. చీర మొత్తాన్నీ పట్టుకుని ఆ మీట నొక్కి, సేవ్ చేసి లేచాను. పనిచేసే తెర ఖాళీ వైపుని కూడా నింపి చూపిస్తుంది కాబట్టి మా దగ్గర తేడా తెలీదు. హైదరాబాదులో తెరిచేసరికి మాత్రం చీర మాయమైపోవాలి.

పదిరోజులకి ఫోనొచ్చింది. పని బావకే. చీర ఎక్కడికీ పోలేదు. బావ రెండు వైపులా చేస్తాడన్నది కుళ్ళులో నాకు గుర్తే రాలేదు. నేను బయటివైపుని లోపలికి తిప్పితే, బావ చేసిపెట్టిన లోపలివైపు బయటికొచ్చి నిలబడింది. అదే అంచు, అదే రంగు.

ఆ సాయంత్రం విజయవాడ నుంచి వస్తూ, బస్సు కృష్ణ వారధి మీదుండగా బావతో చెప్పేశాను.

"బావా, నీ చీర తిరగేసింది నేనే."

"ఎందుకురా?"

"కుళ్ళు."

"తిరగేస్తే మాత్రం ఏమైంది? తిరగేసినా చీర చీరేరా" అని నా భుజం మీద చెయ్యేశాడు. మంగళగిరి వచ్చేదాకా తియ్యలేదు.

పెద్దకర్మ రోజున ఈ సంగతి చెబితే, అన్నాళ్ళూ మాట్లాడని అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఇప్పుడు మా వీధి మగ్గాల దగ్గర అందరి నోటా బావ అన్న ఆ మాటే.

అక్క ఇది చదువుతుంది. చదవనీ. ఆ బస్సు సంగతి నేను కల్పించాను. బావకి నేను చెప్పనేలేదు. ఆ తర్వాత నాలుగేళ్ళు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా గ్యాసు బండకి నడుం చెక్కడం నేర్పాడు. అప్పుడూ నేను నోరు విప్పలేదు. ఆయనకి తెలిసిందో లేదో తెలీదు. ఊరంతా బావదనుకుంటున్న ఆ మాట నాది. దానికీ ఆయన మీద కుళ్ళుగానే ఉంది.

అక్క రోజూ ఆ కంప్యూటర్ తెరుస్తుంది. రాణి తెర మీద మెల్లగా గుండ్రంగా తిరుగుతుంది. ఎంతసేపు చూసినా, నేను తిప్పేసింది ఏ వైపో నాకు దొరకడం లేదు.