సంచికి టికెట్టు

ఏడో తరగతిలో బడి నన్ను వదిలేసింది. నేనే వదిలేశానని మా అమ్మ మా క్వార్టర్ల లైనంతా చెప్పుకునేది గాని, ముందు వదిలింది బడే. అలాంటి నాకు నలభై దాటాక కంప్యూటర్ ముందు కుర్చీ వేశారంటే, వేసినాయన ధైర్యాన్ని మెచ్చుకోవాలి. ఆయన మా దుకాణం యజమాని, బెంగాలీ, అందరికీ దాదా. బెంగాల్‌లోనే, ఏక్‌బాల్‌పూర్‌లో జనపనార సంచులు అమ్మేవాడు. నేను పార్సెళ్లు కట్టేవాణ్ని. అమ్మ పోయాక, ఆమె చేతి కొలతతో నేను పెట్టిన ఆవకాయ రుచి చూసి, దాన్నీ సీసాల్లో అమ్మకానికి పెట్టాడు. ఆ తర్వాత ఇంటర్నెట్‌లో దుకాణం తెరిచాడు.

"పంపే ఛార్జీలు నువ్వే పెట్టు. బరువు సంగతి కట్టేవాడికే తెలుస్తుంది" అన్నాడు.

పెట్టాను. సీసాకు ఒక ఛార్జీ, సంచికి ఒకటి. రెండూ కొంటే కంప్యూటర్ రెండు ఛార్జీలూ కలిపి వేసేది. అది తప్పని నాకు తోచలేదు. తిన్‌సుకియా రైల్వే క్వార్టర్స్ నుంచి ఒకావిడ ఒక సీసా, ఒక సంచి తెప్పించుకుంటూ, ఆర్డరు కింద మన మాట రాసుకోవడానికి ఉండే గడిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసింది.

"ఏటి బాబూ, సంచికి కూడా టికెట్టు కొట్టీసినారేటి? సీసా సంచిలో కూకుని రాదేటి?"

తెరకు దగ్గరగా జరిగి, పైకే మూడుసార్లు చదివాను. అది మా యాస. అమ్మ పోయాక నా గదిలో తెలుగు వింటున్నది ప్రెషర్ కుక్కర్ ఒక్కటే. నేనేదన్నా అంటే ఈల వేసేది. అంతకుమించి మా మధ్య సంభాషణ లేదు. మునిసిపాలిటీ పనులకు ఊరి నుంచి ఇక్కడికి వచ్చిన మావాళ్లలో పెద్దలు పోయారు. వాళ్ల పిల్లలు మాట తెలుగులో మొదలుపెట్టినా హిందీలో ముగించేవారు.

పార్సెల్‌లో ఒక చీటీ పెట్టాను: "అప్పా, సంచి పెద్దమనిసి. టికెట్టు లేకుండా రానంది." మా వైపు అక్కను అప్ప అంటాం.

మరుసటి నెల ఆర్డరుతో పాటు జవాబు వచ్చింది. "నీ అచ్చరాలు ఆవాల్లాగ ఒలికిపోనాయి బాబూ. పెద్దమనిసైతే దాని టికెట్టు అదే కొనుక్కోమను."

గట్టిగా నవ్వాను. దాదా తలెత్తాడు. "ఏమైంది?"

"కస్టమర్ తిడుతోంది దాదా."

"దానికి నవ్వుతారా?"

"బాగా తిడుతోంది."

నెలలో మిగతా రోజులన్నీ ఆ గడి కోసమే గడిచేవి. నాలుగో నెలలో అందులో నవ్వు లేదు. "ఇదే ఆకరు బాబూ. మళ్లీ రెండు టికెట్లైతే ఆవకాయ నానే పెట్టుకుంతాను."

ఒక సీసా అమ్ముడుపోకపోతే దుకాణం మూతపడదు. ఆ గడి మూతపడితే నాతో మాట్లాడేవాళ్లు లేరు. ఆ పూటే కూర్చుని సంచి బరువు సున్నా అని కొట్టేశాను. అందులో నాకు తప్పేం కనిపించలేదు. ఊరికి రైలెక్కేవాళ్ల చేత సామాను పంపేటప్పుడు నాన్న త్రాసులో సామానే పెట్టేవాడు. మా ఇళ్లలో సంచిని ఎవరూ తూచరు. మోసేదాన్ని తూచడమేమిటి?

కంప్యూటర్‌కు ఆ మర్యాద తెలియదు. వారం తిరక్కుండానే బెంగళూరు నుంచి ఎవరో పెళ్లివారు వంద సంచులు అడిగారు. సీసా ఒక్కటీ లేదు. పంపే ఛార్జీ సున్నా.

"వంద సంచులూ ఎగిరి వెళ్తాయా?" దాదా అరిచాడు. "పాత రేటు పెట్టు. ఇప్పుడే!"

"పెడతాను దాదా. ముందు ఇది చూడు."

సంచి మడిచి సీసా చుట్టూ చుట్టాను. చిన్న పెట్టెలో దింపి మూత అంటించాను. అంతవరకూ సీసా చుట్టూ పాత పేపర్లు కుక్కి, సంచిని వేరే పెట్టెలో పంపేవాళ్లం. "పేపర్ల చోట సంచి. పెట్టె ఒకటే" అన్నాను. దాదా దాన్ని చెవి దగ్గర ఆడించాడు. నడుమెత్తు నుంచి నేలమీద పడేశాడు. సీసా పగల్లేదు.

"సరే. సీసాతో వెళ్లే సంచికి వద్దు. ఒంటరిగా వెళ్లేదానికి వెయ్యి."

ఒంటరిగా ఉంటే ఖర్చెక్కువన్న సంగతి నాకు కొత్త కాదు.

మర్నాడు బంద్. వీధిలో బస్సు లేదు, కొరియర్ రాడు. పొద్దుటి నుంచి ఆ లెక్కే కుదిర్చాను. సరిపోయిందో లేదో చూడటానికి నా చిరునామాకే ఉత్తుత్తి ఆర్డర్లు పెట్టుకున్నాను: సీసాకొక సంచి, సీసాకు మూడు సంచులు, సంచి ఒక్కటే. ప్రతిసారీ కంప్యూటర్ నాకు ధన్యవాదాలు చెబుతూ ఉత్తరం పంపింది. ఆ ఏడాది నా పేరిట వచ్చిన ఉత్తరాలు అవే.

నెల తిరిగేసరికి తిన్‌సుకియా ఆర్డరు వచ్చింది. ఒక సీసా, ఒక సంచి, ఒకే టికెట్టు. ఆవిడ వెళ్లిపోలేదు! గడిలోకి చూశాను. ఖాళీ.

తొందరలో ఉందేమో అనుకున్నాను. చీటీ రాశాను: "అప్పా, సీసా సంచిలోనే కూకుంది. సూసినావా?" మరుసటి నెల ఆర్డరు వచ్చింది. గడి ఖాళీ. ఆపై నెలా అంతే. నిజమే, సరిగ్గా నడుస్తున్న దుకాణానికి ఎవరు మాత్రం ఏం రాస్తారు?

ఒకరోజు ఛార్జీల పేజీ తెరిచి, సంచి రేటు ఉన్నచోట వేలు పెట్టి కూర్చున్నాను. ఒక్క అంకె చాలు, తిట్టు వచ్చి పడుతుంది.

"మళ్లీ ఏం పాడుచేస్తున్నావ్?" వెనక నుంచి దాదా.

"ఏం లేదు దాదా. సరిగ్గా ఉందో లేదో చూస్తున్నా."

"ఉందా?"

"సరిగ్గానే ఉంది" అని పేజీ మూసేశాను.