కిటికీ దగ్గర ముసలమ్మ

భీమారావు పాఠం చెప్పే హాల్లో ఎవరూ నిద్రపోయేవారు కాదు. ఆ సంగతి అతనే గొప్పగా చెప్పుకునేవాడు, నిజం కూడానూ. భోజనాలయ్యాక, జూన్ ఎండలో, ఫ్యాను తిరగని గదిలో రేషన్ కార్డుల సాఫ్ట్‌వేర్ గురించి చెబితే ఏ గుమస్తాకైనా కళ్లు మూతలు పడతాయి. సరిగ్గా ఆ సమయానికి భీమారావు తన తల్లిని చంపేవాడు.

తండ్రి సూర్యారావు శ్రీకాకుళం నుంచి రాయపూర్ వచ్చి, రైల్వే వ్యాగన్ల షాపులో ఫిట్టరుగా రిటైరై, ఆ ఊళ్లోనే మోవాలో రెండు గదుల ఇల్లు కట్టి, ఏడాది తిరక్కుండానే పోయాడు. కొడుక్కి రైల్వే ఉద్యోగం దొరకలేదు. రెండు వేల ఏడులో కంప్యూటర్ డిప్లొమా పట్టుకుని ఒక ప్రైవేటు కంపెనీలో చేరాడు. సర్కారు గుమస్తాలకు సాఫ్ట్‌వేర్ నేర్పడం ఆ కంపెనీ పని. సోమవారం ఆరంగ్, బుధవారం అభన్‌పూర్, ఆ పైవారం బస్తర్ వైపు. భుజానికి ప్రొజెక్టరు సంచి తగిలించుకుని తిరగడమే అతని బతుకైపోయింది.

అతనికి సరదాలు రెండు. ఎక్కిన ప్రతి బస్సు టికెట్టూ నోటుబుక్కులో అంటించి పక్కన ఊరి పేరు రాసుకోవడం ఒకటి, మిమిక్రీ రెండోది. మొదటిది ఎవరికీ ఏ హానీ చెయ్యలేదు. రైల్వే కాలనీ తెలుగువాళ్లు వినాయక చవితి పందిట్లో స్టేజీ ఎక్కిస్తే ఇంజను కూత, స్టేషను అనౌన్సుమెంటు, పురోహితుడి ముక్కుగొంతు అన్నీ దించేసేవాడు. చప్పట్లు ఆగేదాకా మైకు వదిలేవాడు కాదు.

అతని దగ్గరున్న గొంతులన్నిట్లోకీ బాగా పండేది తల్లి బంగారమ్మ హిందీ. ఆవిడ హిందీలో ఆడా మగా తేడా లేదు. ఎవరు వెళ్లినా మగవాడు వెళ్లినట్టే: తనూ ‘జాతా హై’, కూరగాయల ఆవిడా ‘జాతా హై’, గేదే ‘జాతా హై’. ప్రతి మాట చివరా ఒక ‘గదా’. ఆ హిందీతోనే ఆవిడ నలభై ఏళ్లు సంసారం ఈదింది. నీళ్ల ట్యాంకరువాడితో తగువులాడింది, పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ దులారీకి పురుడు పోసింది. ఇప్పటికీ సాయంత్రమైతే దులారీ, ఆవిడా గుమ్మంలో కూర్చుని బఠానీలు ఒలుస్తూ లోకంలో అందరినీ కడిగేసేవారు. ఎవరి హిందీ ఎంత తప్పో వాళ్లిద్దరికీ పట్టేది కాదు.

చనిపోయినవాళ్ల పేరు కార్డులోంచి ఎలా తీసెయ్యాలో చూపించడానికి భీమారావు తల్లి కార్డు నంబరే కొట్టేవాడు. అది అతనికి కంఠతా వచ్చు. పేరు తెర మీదికి రాగానే ‘మృత్యు’ బటన్ నొక్కి, తలమీద తువ్వాలు కప్పుకుని, నడుం వంచి, చావలేదు, బతికే ఉన్నానని ఆఫీసు కిటికీ దగ్గర మొత్తుకునే ముసలమ్మైపోయేవాడు. “బాబూ, హమ్ మరా నై. జిందా హై గదా!” వెంటనే తువ్వాలు తీసేసి, కంప్యూటర్ అబద్ధమాడుతుందా అన్నట్టు గుమస్తా గొంతుతో, “కంప్యూటర్ ఝూఠ్ నహీ బోల్తా, అమ్మా” అనేవాడు. హాలు హాలంతా పడీపడీ నవ్వేది. ఆ తర్వాత పేరు తిరిగి ఎలా ఎక్కించాలో చూపించేవాడు. ఆ పాఠాన్ని ఏ ఊళ్లోనూ ఎవరూ మరిచిపోలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి.

భార్య ఫణిశ్రీ వద్దని చెప్పింది. నంబరు కావాలంటే ఏదో ఒకటి కొట్టుకోవచ్చు కదా, అత్తయ్యగారిదే ఎందుకని అడిగింది. అది పాఠం కోసం పెట్టిన నమూనా కాపీయేగానీ అసలు జాబితా కాదని అతను తేలిగ్గా కొట్టిపారేశాడు. ఆమె అడిగింది జాబితా గురించి కాదని అతనికి తట్టలేదు.

రెండు వేల పద్నాలుగు ఆగస్టులో ఒక ఊళ్లో నమూనా కాపీ తెరుచుకోలేదు. బుద్ధున్నవాడైతే ఆ పూటకి పాఠం ఆపేస్తాడు. ఇతను తన పాస్‌వర్డుతో అసలు జాబితానే తెరిచి తల్లిని చంపి, తువ్వాలు కప్పుకున్నాడు. నవ్వులు మిన్నంటుతుండగా కరెంటు పోయింది. బస్సుకి వేళైంది. పేరు తిరిగి ఎక్కించడం మరిచిపోయి బస్సెక్కి, టికెట్టు మాత్రం జాగ్రత్తగా నోటుబుక్కులో అంటించుకున్నాడు.

రెండు నెలల తర్వాత రేషన్ షాపువాడు జాబితాలో బంగారమ్మ పేరు లేదన్నాడు. భీమారావు అప్పుడు జగదల్‌పూర్‌లో ఉన్నాడు. వచ్చేదాకా ఆగమని ఫణిశ్రీ బతిమాలింది. ఆవిడ ఆగే మనిషి కాదు. నేత చీర కట్టుకుని, కార్డు చేత్తో పట్టుకుని, కోడల్ని వెంటేసుకుని రేషన్ కార్డుల ఆఫీసుకి వెళ్లింది. కిటికీలోంచి లోపలికి వంగి, “బాబూ, హమ్ మరా నై. జిందా హై గదా” అంది.

ఆఫీసంతా గొల్లుమంది. లోపల ముగ్గురు భీమారావు దగ్గర పాఠం నేర్చుకున్నవాళ్లే. ఒకడు నవ్వాపుకోలేక, “కంప్యూటర్ ఝూఠ్ నహీ బోల్తా, అమ్మా” అని అందించాడు. ఇంకొకడు సార్ వాళ్లమ్మ వచ్చారని పక్క గదిలోవాళ్లను కేకేశాడు. వాళ్లేమీ చెడ్డవాళ్లు కారు. కుర్చీ వేశారు, టీ తెప్పించారు, ఐదు నిమిషాల్లో పేరు ఎక్కించారు. సార్ మిమ్మల్ని ఎంత బాగా చేస్తారో చూడండమ్మా అని, ప్రేమగానే, ఫోనులో దాచుకున్న వీడియో చూపించారు. ఆవిడ చివరిదాకా చూసింది. టీ ముట్టలేదు.

శనివారం ఇల్లు చేరిన కొడుకు, పేరు తీసేసిన తప్పుకి క్షమించమన్నాడు. పేరు ఎక్కించేశారు కదా, దానికేముందని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. గండం గడిచిందనుకున్నాడు, వెర్రివాడు.

ఆ రోజు నుంచి బంగారమ్మ హిందీ మాట్లాడలేదు. కూరగాయల బండి దగ్గర వేలితో చూపించేది. ట్యాంకరువాడు ముందువాళ్లకి రెండు బిందెలు ఎక్కువ పోసినా నోరెత్తేది కాదు. దులారీ రెండు వారాలు వచ్చి కూర్చుంది, తనవల్ల ఏం తప్పు జరిగిందని కూడా అడిగింది. ఊరికే తల అడ్డంగా ఊపితే ఎన్నాళ్లని వస్తుంది? గుమ్మం ఖాళీ అయింది. భీమారావు తువ్వాలు మానేశాడు, చవితి పందిరి మానేశాడు. హాల్లో గుమస్తాలు ఆ ముసలమ్మని చెయ్యండి సార్ అని అడిగితే బోర్డు వైపు తిరిగేవాడు. ఒకరోజు తల్లి కాళ్ల దగ్గర కూర్చుని, దులారీతోనైనా మాట్లాడమని ఏడ్చాడు. ఆవిడ అతని తల నిమిరింది, అంతే. కోపమైతే ఎప్పటికో తగ్గేది. ఆవిడది సిగ్గు.

ఐదేళ్లు అలా గడిచాక ఒక చలికాలం ఉదయం ఆవిడ నొప్పితో మెలికలు తిరిగిపోతుంటే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నర్సు ఛత్తీస్‌గఢీ పిల్ల, మంచిది. మంచం మీదికి వంగి, “కహాఁ పిరావత్ హే, దాయీ?” అంటూ నొప్పెక్కడో అడిగింది. బంగారమ్మకి ఆ మాట చక్కగా అర్థమైంది. దులారీ మాటే అది. పెదవులు కదిలాయి, మళ్లీ బిగుసుకున్నాయి. కళ్లు కొడుకు వైపు తిరిగాయి.

“నువ్వే సెప్పు బాబూ. నా మాట నాకన్నా నీకే బాగొచ్చు గదా.”

ఎత్తిపొడుపేమీ లేదు అందులో. నిజంగానే అతన్ని చెప్పమంది. నర్సు కాగితం మీద పెన్ను పెట్టి అతని వైపు చూసింది. భీమారావు నోరు తెరిచాడు. తల్లికి నొప్పెక్కడో అతనికి తెలియదు.