హారతి దగ్గర ఆగిపోయిన సౌండు

ఏ వస్తువైనా కొనేముందు ఎడమ అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఎగరేసి చూసే అలవాటు జనగామ స్టీలు సామాన్ల వ్యాపారి రామ్మోహన్‌కు ఏ సంవత్సరంలో మొదలైందన్న విషయంలో పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. పెళ్లినాటికే ఉందని భార్య వాసవి వాదం. పెళ్లిచూపుల్లో తాను అందించిన పళ్లేన్ని, అందులోని లడ్డూలతో సహా, ఆయన తూచడం కళ్లారా చూశానని ఆమె సాక్ష్యం. కాదు, మూడో తరగతిలో పలక కొన్ననాడే మొదలైందని చెల్లెలు కస్తూరి వాదం. ఆధారాలు రెండువైపులా బలంగానే ఉన్నందున ఈ ప్రశ్నను భావితరాలకు వదిలేయడం మంచిది.

అలవాటు వెనుక ఉన్న సిద్ధాంతం మాత్రం స్పష్టమైనదే. వంటగంజు కొనేవాడు మెరుపు చూసి మోసపోతాడు గానీ బరువు చూసి మోసపోడు. రేకు పలచనైతే అన్నం అడుగంటుతుంది. స్టేషన్ రోడ్డు దుకాణంలో ముప్ఫై ఏళ్లుగా ఈ సిద్ధాంతమే ఆయన సంసారాన్ని నడిపింది. చిక్కల్లా ఏమిటంటే, దాన్ని ఆయన గంజుల దగ్గర ఆపలేదు. చెప్పులు, పుచ్చకాయలు, గోడ గడియారం, కూతురి పెళ్లిపత్రిక, అన్నీ ఆ అరచేతి మీదుగానే ఇంట్లోకి వచ్చాయి. అల్లుణ్ని ఒక్కణ్ని వాసవి అడ్డుపడి కాపాడింది.

సినిమా డిస్కుల చరిత్రలో కూడా ఈ అరచేతికి కొంత చోటుంది. రెండు వేల ఏడు ప్రాంతంలో, మామూలు డీవీడీని మించిన బొమ్మ చూపిస్తామంటూ రెండు రకాల డిస్కులు లోకంలో పోటీపడుతున్నాయి. ఒకటి హెచ్‌డీ డీవీడీ, రెండోది బ్లూరే. ఒకదాని డిస్కు రెండోదాని మిషన్‌లో ఆడదు. పెద్దవంగర నుంచి దుబాయి పోయివచ్చిన ఐలేశ్ అనే పరిచయస్తుడు రెండు రకాల మిషన్లూ వెంట తెచ్చి, ఏది కావాలో తీసుకొమ్మన్నాడు. పెద్ద పెద్ద కంపెనీలు కోట్లు పోసి తేల్చుకోలేకపోతున్న సమస్యను రామ్మోహన్ అర నిమిషంలో తేల్చాడు. హెచ్‌డీ డీవీడీ మిషను బరువుగా ఉంది. తీసుకున్నాడు. మరుసటి ఏడే ఆ రకం మిషన్ల తయారీ ఆపేశారు. ఆ మిషనును ఇప్పుడు దుకాణంలో బిందెల వరుస కింద ఎత్తు కోసం పెట్టారు. ఆ పనిలో దానికి ఇంతవరకు తిరుగులేదు.

ఇదంతా పూర్వరంగం. అసలు విషయం రెండు వేల పదిహేను మాఘమాసంలో, కూతురు అక్షర పెళ్లిలో మొదలైంది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. తాళి కట్టిన తర్వాత పెళ్లికూతురికి మేనత్త హారతి ఇవ్వాలి. అయితే మేనత్త తనంతట తాను మండపం ఎక్కకూడదు. మైకులో పేరు పెట్టి పిలవాలి. భూపాలపల్లిలో కాపురముంటున్న కస్తూరి ఆ రోజు కొత్త పట్టుచీర కట్టుకుని, హారతి పళ్లెం ఒళ్లో పెట్టుకుని, ఫంక్షన్ హాలు మూడో వరుసలో కూర్చుంది. కూర్చునే ఉంది. హారతి వాసవి చెల్లెలు లత ఇచ్చింది. కస్తూరి పళ్లేన్ని పక్క కుర్చీలో పెట్టి, అన్నం ముట్టకుండా బస్సెక్కింది.

పిలవలేదని ఆమె అంటుంది. పిలిచారని ఈయన అంటాడు. ఆ తర్వాత ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకున్నది ఒకే ఒక్కసారి.

"మైకుల పిలిచిన్రు. నా చెవులతోని నేనిన్న" అన్నాడు రామ్మోహన్.

"పిలిస్తే కూసుంటనా అన్నా? నాకేమన్న కాళ్లు లెవ్వా?"

"నువ్వు ముచ్చట్లల్ల వడి ఇనలే."

"సరే. నీ చెవులు అంత మంచిగ ఇన్నయి గద, రాఖీ గూడ వాటికే కట్టుకో."

ఆ మాటతో ఫోన్ పెట్టేసింది. ముప్ఫై ఏళ్లుగా రాఖీ పున్నమినాడు పదిన్నర బస్సుకు జనగామలో దిగుతున్న మనిషి అన్న మాట అది. రామ్మోహన్ ఆ వారం రెండు టోకు బేరాలు పోగొట్టుకున్నాడని గుమాస్తా చెబుతాడు. తప్పయిందని ఒక్కమాట అంటే పోతుంది కదా అని వాసవి చెప్పి చూసింది. చేయని తప్పుకు ఎట్లా అంటానని ఆయన ప్రశ్న. పైగా సాక్ష్యం ఉండనే ఉంది. పెళ్లంతా వీడియో తీశారు. డిస్కు వస్తే ఎవరి చెవులు ఎట్లాంటివో తేలిపోతుంది.

వియ్యాలవారిది మానుకోట కావడంతో వీడియో తీసిన యుగేందర్ కూడా ఆ ఊరివాడే. పెద్ద టీవీలో చూస్తే బొమ్మ కళ్లముందున్నట్టు ఉండాలని అతను పెళ్లిని బ్లూరే డిస్కులో పెట్టి ఇచ్చాడు. రామ్మోహన్ హనుమకొండ పోయి బ్లూరే మిషను కొన్నాడు. అంగడివాడు మూడు చూపించాడు. ఏది కొన్నాడో చెప్పనవసరం లేదు.

కుటుంబమంతా టీవీ ముందు కూర్చుంది. వెనుక సినిమా పాట, ముందు పూలదండలు. ఇరవయ్యో నిమిషంలో, పెళ్లికొడుకు కారు దిగుతుండగా, సౌండు ఆగిపోయింది. తెర మీద ఇంగ్లీషులో ఒక నోటీసు వచ్చింది. ఈ డిస్కులోని శబ్దం అనుమతి లేని నకలు కాబట్టి నిలిపివేయడమైనది అని దాని సారాంశం. బొమ్మ మాత్రం నడుస్తూనే ఉంది. పెళ్లి చేయించే అయ్యగారి పెదవులు కదిలాయి. తాళి కట్టారు. మైకు ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయింది. హారతి కూడా అయింది. డిస్కు తీసి మళ్లీ పెట్టారు. ముందుకు జరిపి చూశారు. ఎట్లా చేసినా హారతి దగ్గరికి వచ్చేసరికి మిషను నోరు మూసుకునేది.

యుగేందర్‌కు ఫోన్ చేస్తే విషయం తెలిసింది. వెనుక పెట్టిన పాటల్లో ఒకదాన్ని అతను ఏదో సినిమా డిస్కులోంచి తీసి అతికించాడు. అలాంటి కొన్ని డిస్కుల శబ్దంలో మన చెవికి వినపడని గుర్తు ఒకటి దాచిపెడతారు. ఇంట్లో తయారుచేసిన డిస్కులో ఆ గుర్తు కనబడితే, ఇది దొంగసరుకు అని మిషను తీర్మానించి సౌండు బంద్ చేస్తుంది. నాసిరకం మిషన్లు ఇవేవీ పట్టించుకోవు. మంచి మిషన్లు పట్టించుకుంటాయి. రామ్మోహన్ మంచిదే కొన్నాడు.

"నా బిడ్డ పెండ్లి, నా పైసలు, నా టీవీ. నేను సూసుకుంటే దొంగతనమెట్లయితది?" అని రామ్మోహన్ అడిగాడు.

సరే, జనగామలోనే మామూలు డీవీడీగా మార్పించుకుందామని స్టేషన్ దగ్గరి స్టూడియోకు పోతే, అసలు ఆ డిస్కు నకలు కాలేదు. నకళ్లు కావాలన్నవాళ్లు మళ్లీ తన దగ్గరికే రావాలని యుగేందర్ దానికి తాళం వేసి ఉంచాడు. ఆ విధంగా ఒకే డిస్కుకు రెండు కాపలాలు పడ్డాయి. కంపెనీ యుగేందర్‌ను నమ్మలేదు, యుగేందర్ రామ్మోహన్‌ను నమ్మలేదు. డిస్కు మాత్రం రామ్మోహన్ బీరువాలో ఉంది.

ఆ రోజు దుకాణానికి వచ్చిన ప్రతి గిరాకీకి ఆయన ఈ అన్యాయం వివరించాడు. చివరికి ఒక రైతు గంజు బేరం మానేసి, ఇంతకూ ఏం కావాలంటవు సేటూ అని అడిగాడు.

"గంజు అమ్మినంక అండ్ల నువ్వు పప్పు వండుతవో పులుసు వండుతవో నేనొచ్చి మూత తీసి సూస్తనా? గట్లనే వాళ్లు గూడ సూడొద్దంటున్న" అన్నాడు రామ్మోహన్.

వినియోగదారుల హక్కుల మీద జనగామలో ఇంతకన్నా సూటిగా ఎవరూ మాట్లాడినట్టు దాఖలా లేదు.

రాఖీ పున్నమికి నాలుగు రోజులుందనగా ఆయన రైలెక్కి మానుకోట పోయాడు. యుగేందర్ మర్యాదస్తుడు. చాయ్ తెప్పించి, పెళ్లిని మామూలు డీవీడీలోకి దించి, తాళం వేయకుండా ఇచ్చాడు. మండపం భాగంలో సినిమా పాట తీసేశానని, ఇప్పుడు ఒట్టి మైకే వినిపిస్తుందని చెప్పాడు. ఒకసారి పెట్టి చూపిస్తానంటే రామ్మోహన్ వద్దన్నాడు. సాక్ష్యాన్ని కస్తూరి ముందే విప్పాలని, లేకపోతే ఏదో మార్పించి తెచ్చానంటుందని ఆయన భయం. డిస్కును కవర్లో పెట్టించి నాలుగువైపులా స్టాప్లర్ కొట్టించాడు.

మర్నాడు పొద్దున బయలుదేరి హనుమకొండలో బస్సు మారాడు. పరకాల, రేగొండ దాటేదాకా కవరు ఒళ్లోనే ఉంది. భూపాలపల్లిలో కస్తూరి ఇంటికి చేరేసరికి పదకొండు దాటింది. ఆమె మంచినీళ్లిచ్చింది, కూర్చోమనలేదు. టీవీ కింద చిన్న డీవీడీ మిషను ఉంది. రామ్మోహన్ దాన్ని అలవాటుగా అరచేతిలోకి ఎత్తి చూశాడు. అప్పడాల కట్టంత బరువు కూడా లేదు. కిందపెట్టి, స్టాప్లర్ పిన్నులు ఒక్కొక్కటే పీకి, డిస్కు వేశాడు.

ఆ మిషను దేన్నీ అనుమానించలేదు. సౌండు గంట కొట్టినట్టు వచ్చింది. తాళి అయింది. తలంబ్రాలు అయ్యాయి. అయ్యగారు మైకు అందుకున్నారు.

"పెళ్లికూతురు మేనత్త..." అన్నారు.

రామ్మోహన్ చెల్లెలి వైపు చూశాడు. కస్తూరి తెర వైపే చూస్తోంది. తెర మీద, అయ్యగారి వెనుక నుంచి ఒక ఎడమచేయి వచ్చి మైకు తీసుకుంది. రెండుసార్లు పైకీ కిందకీ ఎత్తి చూసింది. తర్వాత రామ్మోహన్ గొంతు హాలంతా మోగింది.

"వంటోళ్లు జర ఇనుర్రి. మన దుకాణం గంజులు పన్నెండు వచ్చినయి. మూతలతోని సహా లెక్క సూసి ఎత్తిపెట్టుర్రి."

ఆ మైకు మళ్లీ అయ్యగారి చేతికి రాలేదు. ఆయన అటూ ఇటూ చూసి, దగ్గరలో నిలబడ్డ లతకు సైగ చేశారు. లత హారతి ఇచ్చింది. వెనుక మూడో వరుసలో, పట్టుచీరలో, ఒళ్లో పళ్లెంతో కస్తూరి కనబడుతోంది. బ్లూరేలో అయితే ఇంకా స్పష్టంగా కనబడేది.

రామ్మోహన్ రిమోట్‌తో బొమ్మ ఆపాడు. "తప్పు నాదే, కస్తూరీ" అన్నాడు. కస్తూరి లేచి చాయ్ పెట్టడానికి వంటింట్లోకి పోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"అన్నా, గంజులన్నీ వచ్చినయా?"

"ఒకటి రాలే."

రాఖీ పున్నమినాడు ఆమె పదిన్నర బస్సుకు జనగామలో దిగింది. దుకాణంలో ఇప్పటికీ పదకొండు గంజులకు పన్నెండు మూతలున్నాయి.